కూత పెట్టని కంప్యూటర్

దసరాకి ముందు మా మనవడు కొత్త డెస్క్‌టాప్ బిగించాడు. సామాన్లన్నీ సికింద్రాబాదు సీటీసీలో, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్లో, విడివిడిగా ఏరుకుని, విజయవాడ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, మా హాల్లో చాప మీద పరిచాడు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, 16 జీబీ ర్యాములు రెండు, పక్కన అద్దం ఉన్న క్యాబినెట్. రాత్రి తొమ్మిదింటికి బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. లోపల లైట్లు వినాయకుడి పందిట్లోలాగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మారుతున్నాయి. మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అని ఒక్కసారి చూపించి నల్లబడిపోయింది.

ఒక నిమిషం చూశాం. రెండు నిమిషాలు చూశాం. వాడు బటన్ నొక్కిపట్టి ఆపేసి, మళ్లీ వేశాడు. మళ్లీ అదే. మూడోసారికి వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ‘‘తాతయ్యా, ర్యామ్ పోయిందేమో!’’ అన్నాడు. బోర్డు మీద ర్యామ్ పక్కన ఆవగింజంత నారింజ రంగు లైటు ఒకటి వెలుగుతోంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పదు.

ముప్పై ఏళ్లు డీటీపీ సెంటర్ నడిపినవాణ్ని, నేను ఊరుకుంటానా? ర్యాములు ఊడదీసి, ఆ బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, టక్కుమనేదాకా నొక్కి పెట్టాను. లాభం లేదు. ‘‘పొద్దున్న చూద్దాం, ముందు అన్నానికి లే’’ అన్నాను. దిగులులో దాన్ని ఆపడం మర్చిపోయాం. మేం పెరుగన్నంలోకి వచ్చేసరికి హాల్లో తెర వెలిగింది.

పాడవలేదట. ర్యామ్‌కి ‘ట్రైనింగ్’ ఇచ్చుకుంటోందట. మేం ఆపేసిన ప్రతిసారీ ఆ ట్రైనింగ్ కాస్తా మొదటికొచ్చిందట.

మా రోజుల్లో కంప్యూటర్‌కి ట్రైనింగ్ ఉండేది కాదు. మాకు ఉండేది.

1993లో గవర్నర్‌పేటలో నేను కొన్నది 386. ర్యామ్ 4 ఎంబీ, హార్డ్ డిస్క్ 80 ఎంబీ. చెప్పులు బయట విడిచి గదిలోకి రావాలి. దానికి ఏసీ, మాకు దాని పుణ్యాన ఏసీ. రాత్రి గుడ్డ కవరు కప్పి వెళ్లేవాళ్లం, ఆయుధపూజ నాడు మానిటర్‌కి పసుపూ కుంకుమా. పొద్దున్నే కవరు తీసి స్విచ్ వేస్తే తెర మీద మూల నుంచి అంకెలు పరిగెత్తేవి. 64, 128, 192... 640 దాటి ఇంకా పైకి, టిక్కు టిక్కుమంటూ. శుభలేఖ ప్రూఫు చూడటానికి వచ్చిన ఓ పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడి, ‘‘ఏం లెక్కెడతందండీ అదీ?’’ అని అడిగాడు. ‘‘దాని బుర్ర ఎంతుందో చూసుకుంటోందండీ’’ అన్నాను. ఆయనకి అర్థమైంది. తల కూడా ఊపాడు.

లెక్క అయ్యాక కీబోర్డు మీద మూడు లైట్లు ఒక్కసారి మెరిసేవి. ఫ్లాపీ డ్రైవు గర్రుమనేది. అప్పుడు ఒకే ఒక్క ‘బీప్’. ఆ కూత వినపడిందంటే అంతా కులాసా. కూతలు ఎక్కువైతే ఏదో తేడా. ఎన్ని కూతలకి ఏం రోగమో మదర్‌బోర్డు పుస్తకంలో ఉండేది, మా సెంటర్లో పనిచేసే కుర్రాడికి కంఠతా వచ్చేది. వాడు బయట టీ తాగుతూ ఆ కూత విని, గ్లాసు పెట్టేసి లోపలికి వచ్చేవాడు. బోర్డు మీద బ్యాటరీ అయిపోయినా దాచేది కాదు. తారీఖు 1980 జనవరి 1 అని చూపించి, నా సంగతి కాస్త చూడమని అడిగినట్టుండేది.

అప్పుడంతా మెరుపు వేగం అని నేననను. విండోస్ 98 కాలంలో కరెంటు పోయి వచ్చిందంటే, నన్ను సరిగ్గా మూయలేదని నిష్ఠూరమాడి, నీలం తెర మీద డిస్కంతా తడిమి చూసుకునేది. వేసవిలో రోజుకి మూడుసార్లు ఆ భాగోతం. ఒక పూట పని దానికే సరిపోయేది. కానీ ఆ నీలం తెర మీద గీత ఒకటి నెమ్మదిగా నిండుతూ కనపడేది. ఎంత అయిందో, ఎంత ఉందో తెలిసేది. ఆ లోపు ప్రూఫులు దిద్దుకునేవాళ్లం.

మనవడు నాకు శాంతంగానే వివరించాడు. ఈ డీడీఆర్5 ర్యామ్ 2021 చివర్లో డెస్క్‌టాప్‌లలోకి వచ్చిందట. వాడు కొన్నది 6000 రకం. అంటే ఒక్కో తీగ మీద సెకనుకి 600 కోట్ల బిట్లు. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. మా 386 ర్యామ్ ఒక్క జవాబివ్వడానికి 70 నానోసెకన్లు తీసుకునేది. ఆ కాస్త వ్యవధిలో దీని ఒక్క తీగ మీద 420 బిట్లు దూసుకుపోతాయి. అంత వేగంలో ఒక తీగ మీది సంకేతం పక్కదానికన్నా వెంట్రుకవాసి ఆలస్యమైనా రాత తప్పవుతుంది. అందుకని మిషన్ ముందుగా ఏవో అంకెలు రాసి, తిరిగి చదివి, తప్పొస్తే టైమింగూ వోల్టేజీ కాస్త జరిపి, మళ్లీ రాసి చూసుకుంటుందట. ర్యాములు నాలుగు పెడితే ఇంకా సాగుతుంది.

సరే, కచేరీకి ముందు మృదంగం శ్రుతి చేసుకున్నట్టన్నమాట. ఒప్పుకున్నాను. కానీ మృదంగం ఆయన రాయి పెట్టి టకటక కొడుతుంటే సభంతా వింటుంది. ఇంకా మొదలవలేదని తెలిసి పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటారు. ఈ మహానుభావుడు తెర దించి, దీపాలార్పి, లోపల గప్‌చిప్‌గా కొట్టుకుంటున్నాడు. జనం టికెట్ డబ్బు వెనక్కిమ్మనరూ?

ఆ తర్వాత రోజూ ఇదే తంతు. డిస్కు మెరుపే, విండోస్ పది సెకన్లలో లేస్తుంది. దానికి ముందు నల్లతెర. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ పేజీకి వెళ్తే పై మూల ‘లాస్ట్ బయోస్ టైమ్’ అని ఉంటుంది, విండోస్‌కన్నా ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రాము, అదే బయోస్, తీసుకున్న సమయమన్నమాట. మాది 41 సెకన్లు. వెతగ్గా వెతగ్గా బయోస్‌లో ‘మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్’ అన్నది దొరికింది. నిన్న చేసిన శ్రుతి గుర్తుపెట్టుకుని ఇవాళ వాడుకోమని చెప్పడం. అది ఆన్ చేస్తే 41 కాస్తా 16కి దిగింది. ఒకటి రెండుసార్లు మొరాయించింది కానీ, బయోస్ కొత్తది ఎక్కించాక కుదురుకుంది. గుర్తుపెట్టుకోగలిగి కూడా ఎవరో చెప్పేదాకా గుర్తుపెట్టుకోకపోవడం ఏం తెలివో! షట్ డౌన్ కూడా అలాంటిదే. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి అది పూర్తిగా ఆగడం లేదట, సగం సరంజామా డిస్కులో దాచుకుని పడుకుంటోందట. అందుకే ఆపి వేసినదానికన్నా రీస్టార్ట్‌కి ఎక్కువసేపు పడుతుంది. పడుకున్నానని చెప్పి దుప్పట్లో ఫోన్ చూసే మనవడికి తగిన మిషన్.

‘‘కనీసం తెర మీద ఒక ముక్క రాయొచ్చుగా, ఆగండీ పని నడుస్తోందీ అని?’’ అన్నాను.

‘‘తెర మీద బొమ్మ రావాలన్నా ముందు మెమరీ సిద్ధం కావాలి తాతయ్యా’’ అన్నాడు.

‘‘కూతకి అక్కర్లేదుగా! మా 386 ర్యామ్ పెట్టకపోయినా కూతలేసి గోల పెట్టేది.’’

వాడి దగ్గర జవాబు లేదు. చూస్తే కొత్త క్యాబినెట్‌లో స్పీకరే లేదు. బోర్డు మీద దానికి పిన్నులు మాత్రం ఉన్నాయి. నా పాత ఇనప డబ్బాలో ఒకటి మిగిలి ఉంటే తెచ్చి తగిలించాను. ఇప్పుడు పొద్దున్నే ఒక కూత వేస్తోంది, కాకపోతే శ్రుతి అంతా అయిపోయాక.

కొత్తగా మిషన్ బిగించుకునేవాళ్లకి ఒక మాట. మొదటిసారి స్విచ్ వేశాక తెర నల్లగా ఉండి, ర్యామ్ పక్కన లైటు వెలుగుతుంటే పావుగంట దాని జోలికి వెళ్లకండి. బయోస్ మార్చినా, బ్యాటరీ తీసి పెట్టినా అంతే. ర్యాములు ఊడదీయకండి, రబ్బరు పెట్టి రుద్దకండి. వెళ్లి భోంచేయండి.