కిరాణా చీటీకి టీకా తాత్పర్యం

మూలం

మంచినూనె కిలో. బియ్యం అయిదు కిలోలు. పాలు రెండు పాకెట్లు. ఉప్పూ గిప్పూ చూసి. కొత్తిమీర ఒక కట్ట, వాడిపోనిది. చక్కెర మాత్రం వద్దు.

అవతారిక

ఈ గ్రంథం నిరుటి క్యాలెండరు కాగితం వెనక నీలి సిరాతో రచితం. ఏ గ్రంథానికైనా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ ముందు చెప్పాలంటారు. విషయం సరుకులు. ప్రయోజనం రాత్రి వంట. సంబంధం పెద్దలు కుదిర్చింది. అధికారి, అంటే దీన్ని చదవడానికి అర్హుడు, సంచి పట్టుకుని గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్న భర్త. ఈ వ్యాఖ్యాతా ఆయనే. కర్త్రి ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. మెదక్ ప్రాంతపు కొల్చారం ఆయన ఊరంటారు. ఆ నియమంలో మొదటి సగానికి మేమూ కట్టుబడతాం.

పదాల్ని పుట్టుకను బట్టి విడదీసేవారు కొందరు, రూపాన్ని బట్టి కొందరు, వాక్యంలో చేసే పనిని బట్టి మరికొందరు. ఒకే పదానికి మూడు తూకాలూ మూడు లెక్కలు చూపిస్తాయి. చీటీ చిన్నదే గనక మూడింట్లోనూ వేసి చూద్దాం.

మంచినూనె కిలో

ఇందులో క్రియ ఏది, క్రియ లేనిది వాక్యమెలా అవుతుంది అని పూర్వపక్షం. పదాలు నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగు జాతులన్న యాస్కుడి లెక్కలో నామానికి వస్తువు ప్రధానం, ఆఖ్యాతానికి జరిగే పని ప్రధానం. చీటీ నిండా వస్తువులే. జరగవలసిన పని జాడ లేదు. సమాధానం: క్రియ అధ్యాహారం, అంటే చదివేవాడు బయటినుంచి తెచ్చి కలుపుకోవాలి. దీని మీద మీమాంసకుల మధ్య పాత తగాదా ఒకటి ఉంది. ఎవరైనా "తలుపు!" అని కేకేస్తే విన్నవాడు వెళ్ళి మూస్తాడు. మూయమనే శబ్దాన్నే అతను మనసులో తెచ్చుకుంటాడని కుమారిలభట్టు పక్షం. శబ్దంతో పని లేదు, అర్థం తోస్తే చాలునని ప్రభాకరుడి పక్షం. మా ఇంట్లో ప్రభాకర మతమే చెల్లుబాటు. తే అనాలా, తెండి అనాలా, కాస్త తెచ్చిపెడతారా అనాలా అన్న చిక్కు లేకుండా చీటీ పని సాగించుకుంటుంది. మర్యాద చెడదు, ఆజ్ఞా తప్పదు.

మంచి విశేషణమని బడి పాఠం. అక్కడ భాషాభాగాలు అయిదు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. గ్రీకు వ్యాకర్త డయొనీసియస్ థ్రాక్స్ పేరిట ఉన్న పుస్తకం ఎనిమిది చెప్పింది గాని, విశేషణానికి విడిగా పీట వెయ్యకుండా నామం పంక్తిలోనే కూర్చోబెట్టింది. పాణిని ఇంకా పొదుపరి. సుప్, అంటే విభక్తి ప్రత్యయం, చివర ఉన్నవి; తిఙ్, అంటే క్రియా ప్రత్యయం, చివర ఉన్నవి; అంతే. పదాలు రెండే రకాలు. ఏ విభక్తీ అంటని అవ్యయాలకు కూడా సుప్ తగిలించినట్టే తగిలించి, వెంటనే లోపింపజేసి, మొదటి రకంలో కలిపేశాడు.

మన మంచి విషయానికి వస్తే, మంచి మాట అన్నప్పుడు విశేషణం, ఎవరికో మంచి చేశాడు అన్నప్పుడు నామం. ఇక్కడ రెండూ కాదు. పరీక్ష ఇది: ముక్కిపోయిన మంచినూనె అనవచ్చు, ఏ దోషమూ లేదు. కనుక ఇందులో మంచి నూనెను పొగడటం ఎప్పుడో మానేసింది; నూనెతో కలిసి ఒకే పేరైపోయింది. ఆ నూనె కూడా లోగడ నువ్వు, నెయ్యి అనే రెండు మాటల కలయికే. పల్లీనూనె అనేటప్పుడు అందులో నువ్వులున్నాయని ఎవరికీ గుర్తు రాదు.

కిలో అన్నది గ్రీకు వెయ్యి. గ్రాముకు ముందు చేర్చడానికి ఫ్రెంచివాళ్ళు దాన్ని పొట్టి చేసుకున్నారు. చీటీలో గ్రాము రాలిపోయి ముందు ముక్క ఒక్కటే నిలిచింది. విడిగా నిలిచిన ఉపసర్గకు అర్థం లేదని శాకటాయనుడు, ఉందని గార్గ్యుడు వాదించినట్టు యాస్కుడి నిరుక్తం చెబుతోంది. కొట్టాయన గార్గ్య మతస్థుడు. కిలో అనగానే తూచేస్తాడు.

బియ్యం అయిదు కిలోలు, పాలు రెండు పాకెట్లు

బియ్యం ఉన్నాయి అంటాం, అన్నం ఉంది అంటాం. పాలు విరిగాయి, పెరుగు పులిసింది. పాలూ బియ్యమూ నిత్య బహువచనాలు. వండగానే, తోడుకోగానే అనేకం ఏకమవుతుంది. వేదాంతులు ఈ ఉదాహరణను ఎలా వదిలేశారో! అయితే నిత్యం బహువచనమైనా పాలను లెక్కపెట్టలేం. పాలు రెండు అంటే యోగ్యత కుదరదు, లెక్కకు ఒక పాత్ర కావాలి. అందుకు పాకెట్టు వచ్చింది. పరాయి మాటైనా కొమ్ము తగిలించుకుని, లు చేర్చుకుని, పాకెట్లు అయి ఇంట్లో మనిషిలా తిరుగుతోంది.

పుట్టుకను బట్టి లెక్కవేస్తే ఇది అన్యదేశ్యం. ఈ తూకం మనవాళ్ళకు మహా ఇష్టం. 13వ శతాబ్దంలో కేతన ఆంధ్రభాషాభూషణంలో తత్సమం, తద్భవం, అచ్చతెనుగు, దేశ్యం, గ్రామ్యం అని అయిదు చెప్పాడు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి అచ్చతెనుగును విడిగా లెక్కపెట్టక నాలుగు చేశాడు. ఇదంతా పండితుల కాలక్షేపమని తోసెయ్యడానికి లేదు. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ ఒక ఉపోద్ఘాతం జతచేశాడు. మన వ్యాకర్తల ఈ విభజననే పట్టుకుని, దేశ్యాల్ని విడిగా తీసి, అవి సంస్కృతం నుంచి రాలేదనీ తమిళ కన్నడాలతో చుట్టరికం ఉన్నవనీ చూపించాడు. ఈ చుట్టరికానికి పేరుపడ్డ కాల్డ్వెల్ గ్రంథం వచ్చింది 1856లో, అంటే 40 ఏళ్ళ తర్వాత. మన చీటీలో ఉప్పు ఆ దేశ్యాల్లోదే. తమిళుడూ కన్నడిగుడూ మలయాళీ కూడా ఉప్పనే అడుగుతారు.

ఉప్పూ గిప్పూ చూసి

ఈ గ్రంథానికి ఇది హృదయస్థానం.

ఉప్పు సులువు. గిప్పు ఏ జాతి? నిఘంటువులో లేదు. పుట్టుక వెతికితే దొరకదు. ఉప్పు పక్కన నిలబడ్డప్పుడే పుడుతుంది, పక్కకు జరిగితే పోతుంది. మొదటి అక్షరం తీసి, హ్రస్వమైతే గి, దీర్ఘమైతే గీ పెట్టడం సూత్రం: పులీ గిలీ, పాలూ గీలూ. ఒక్క గిన్నె దగ్గర సూత్రం బోర్లా పడుతుంది. గిన్నెలూ గిన్నెలూ అనలేక జనం గిన్నెలూ తప్పేలాలూ అని తప్పుకుంటారు. భాషావేత్తలు వీటిని ప్రతిధ్వని పదాలన్నారు. నీలగిరి తోడాల భాషలో వీటి మీద ఎమెనో 1938లోనే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. హిందీలో చాయ్ వాయ్, బెంగాలీలో జల్ టల్. అక్షరం మారుతుంది గాని ఈ దేశంలో ఏ వంటింటికీ ఇది కొత్త కాదు.

రూపం అడిగితే గిప్పు నిస్సందేహంగా నామం: ఉప్పుకీ గిప్పుకీ అని విభక్తి పడుతుంది, పాణిని ఒప్పుకుంటాడు. పని అడిగితే వేరే మాట వస్తుంది. అమెరికాలో చార్లెస్ ఫ్రీజ్ అనే ఆయన మామూలు మనుషుల టెలిఫోను మాటలు 50 గంటల పాటు రికార్డు చేయించి, 1952లో ఒక వ్యాకరణం రాశాడు. నామం, క్రియ అన్న పేర్లే వద్దన్నాడు. వాక్యంలో ఒక ఖాళీ వదిలి, అందులో ఏ మాటలు ఇముడుతాయో చూసి, వాటిని ఒక తరగతి చేసి అంకె వేశాడు. ఆ పద్ధతిలో "ఒక కిలో ఇవ్వండి" ముందు ఖాళీ పెడదాం. ఉప్పు ఇముడుతుంది, బియ్యం ఇముడుతాయి. గిప్పు ఒక కిలో ఇవ్వండి అంటే కొట్టాయన తక్కెడ దించి మన ముఖం చూస్తాడు.

అర్థం దగ్గర వ్యాఖ్యాతలు చీలిపోయారు. గిప్పు అనగా కారం, పసుపు, పోపు సామాను యావత్తూ అని కొట్టాయన. ఇది బిల్లు పెంచే వ్యాఖ్య. చింతపండు ఒక్కటేనని కర్త్రికి అత్తగారు. అర్థం శూన్యమని అధికారి పక్షం. కర్త్రి హృదయం పక్కనున్న "చూసి" దగ్గర దొరుకుతుంది. చూసి అసమాపక క్రియ. దాన్ని ముగించే క్రియ ఎక్కడా లేదు. ఏం చూసి? డబ్బాలు మూతలు తీసి చూసి. ఇంట్లో ఏది నిండుకుందో అడగకుండా తెలుసుకోవడమే గిప్పుకు అర్థమని సిద్ధాంతం. నూనె, బియ్యం, పాలు ఎవరైనా తెస్తారు. గిప్పు తెచ్చేవాడు దొరకడం కష్టం.

కొత్తిమీర ఒక కట్ట, వాడిపోనిది

కొత్తది కావాలి గనక కొత్తిమీర అని ఒక టీక ప్రచారంలో ఉంది. అగ్రాహ్యం. సంస్కృత కుస్తుంబురికి తద్భవం ఇది.

వాడిపోనిది మరీ వింతైనది. వాడు ధాతువు, పో దానికి తోడు, అక్కడిదాకా క్రియ. ని చేరగానే వ్యతిరేకార్థంతో విశేషణమైంది. ది చేరగానే నామమై వాడిపోనిదాన్ని, వాడిపోనిదానికి అని విభక్తులు మోయసాగింది. ఒక్క మాటలో మూడు భాషాభాగాలు. దీన్ని ఏ గదిలో వెయ్యాలని తగాదా పడేవాళ్ళకు భర్తృహరి వాక్యపదీయం మూడో కాండ ఎత్తుకోగానే జవాబు ఉంది: పదాల్ని రెండుగా విడదీసేవాళ్ళున్నారు, నాలుగుగా, అయిదుగా కూడా ఉన్నారు, ఎలా విడదీసినా అది వాక్యం నుంచి ఊడదీసి చూడటమే. మా మతమూ ఇదే. చీటీ రాసేటప్పుడు ఆమె నామం రాస్తున్నానని గాని విశేషణం రాస్తున్నానని గాని అనుకోలేదు. మొన్న తెచ్చిన కట్ట గుర్తొచ్చి కామా పెట్టింది.

చక్కెర మాత్రం వద్దు

సంస్కృత శర్కర ప్రాకృతం మీదుగా చక్కెరైంది. అదే శర్కర పారశీకం, అరబ్బీ దాటి ఐరోపా తిరిగి ఇంగ్లీషులో షుగరై మళ్ళీ మనింటికి వచ్చింది. తద్భవం డబ్బాలో ఉంది, అన్యదేశ్యం రక్తంలో ఉంది.

మాత్రం ఒకప్పుడు నిండైన నామం. కొలత అని అర్థం. ఇప్పుడు కొలవదు, వేరుచేస్తుంది. బతికిన మాటలు అరిగి వ్యాకరణ పనిముట్లవడాన్ని ఫ్రెంచి పండితుడు మెయ్యే 1912లో వివరించాడు. అరిగినకొద్దీ పదును పెరుగుతుందనడానికి ఈ వాక్యమే సాక్షి. మాత్రం తీసేసి చదవండి. చక్కెర వద్దు అనేది సమాచారం. మాత్రం పెడితే, పోయినసారి ఏం జరిగిందో నాకు తెలుసు అని.

వద్దు పూర్వం వలదు. దీనికి కాలం లేదు, పురుష లేదు, వచనం లేదు. నిన్నా వద్దే, రేపూ వద్దే. నాకూ వద్దు, వాళ్ళకూ వద్దు. బడిలో క్రియ అంటారు. రూపాలు నిండుగా లేని క్రియ అని భాషావేత్తలు సవరిస్తారు. చీటీ మొత్తంలో పైకి కనబడే సమాపక క్రియ ఇదొక్కటే. తెమ్మనడానికి మాట అక్కర్లేకపోయింది, వద్దనడానికి కావలసి వచ్చింది.

పాఠాంతరం

అందిన ప్రతిలో చివరి వాక్యం మీద పెన్సిలు దిద్దుబాటు ఉంది. వద్దు మీద సన్నని గీత, పక్కన "కొంచెం" అని. ఇది ప్రక్షిప్తమని మా నిర్ణయం. మూలం సిరా, ఇది పెన్సిలు. అక్షరం వణికింది. ఇంట్లో పెన్సిలు పట్టేది పదకేళి నింపే కర్త్రి మామగారొక్కరే, ఆయనకు షుగరు. అయినా పాఠం ప్రౌఢమైనదని ఒప్పుకోవాలి. కొంచెం పాలు అంటే విశేషణం, కొంచెం ఆగు అంటే క్రియావిశేషణం, కొంచెంతో సరిపెట్టుకో అంటే నామం. తప్పించుకోదలచినవాడు ఇంతకు మించిన పదం ఏరలేడు.

కొట్టాయన రెండు పాఠాలూ వెలుతురుకు పెట్టి చూశాడు. గీత కింద వద్దు ఇంకా కనబడుతోంది గనక రెండూ ప్రమాణమేనన్నాడు. 100 గ్రాములు పొట్లం కట్టి, బిల్లులో చక్కెర అని రాయలేదు. "ఇతరములు" అని రాశాడు.