అవగాహన లోపం

మన్యం జిల్లా సీతంపేట కొండల మీద ఆడపిల్లలు ఎందుకు బడి మానేస్తున్నారో కనుక్కోవడానికి ఎవరూ చెమటోడ్చనక్కర్లేదు. కారణం నివేదికలో ముందే అచ్చయి ఉంటుంది: తల్లిదండ్రుల్లో అవగాహన లోపం. ఇంత చవకైన లోపం మరోటి లేదు. నీటి లోపమైతే మోటారు కొనాలి, టీచర్ల లోపమైతే పోస్టులు నింపాలి. దీనికి ఒక ఫ్లెక్సీ, రెండు మైకులు, వేదిక మీది పెద్దలకు శాలువాలు చాలు.

అవగాహన సదస్సుకి సంత రోజే అనువు. కొండచీపుర్లూ చింతపండూ నెత్తిన మోసుకొచ్చిన సవర, జాతాపు గిరిజన ఆడవాళ్ళు ఎలాగూ దొరుకుతారు. వాళ్ళని కూర్చోబెట్టి పత్రికల తెలుగులో గంటసేపు దంచుతారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు ఆ భాష నేర్చి, వాచకాలు రాసి వందేళ్ళు దాటింది. అవగాహన పంచడానికి వచ్చినవారికి మాత్రం ఆ భాషలో ‘కూర్చోండమ్మా’ అనడం కూడా రాదు.

చట్టం సంగతి చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి. పెళ్ళికేమో 18 నిండాలి. ఆ మధ్య నాలుగేళ్ళూ పిల్ల ఏం చెయ్యాలో చట్టానికే అవగాహన లేదు. ఇంట్లోవాళ్ళకి ఉంది: జీడిపిక్కలు ఏరాలి, తమ్ముణ్ణి ఎత్తుకోవాలి, అమ్మ పోడుకి వెళ్తే పొయ్యి రాజెయ్యాలి.

పండక్కి ఇంటికెళ్ళిన పిల్ల తిరిగి రాలేదని ఆశ్రమ పాఠశాల హాస్టల్ రిజిస్టరులో గీత కొడతారు. ఎందుకు రాలేదో తెలియాలంటే తెల్లవారుజామున నాలుగింటికి స్నానాల గది దగ్గర నిలబడాలి. ఏ బడి అని అడక్కండి, మీకు తెలిసిన బడే అనుకోండి. తలుపుకి గొళ్ళెం ఊడి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. లోపల ఒకత్తె నీళ్ళు పోసుకుంటుంటే బయట స్నేహితురాలు తలుపు లాగి పట్టుకుంటుంది. వెనకాల బకెట్లతో వరస. నెలసరి రోజుల్లో ఆ వరసలో నిలబడే కన్నా ఇంటిదగ్గర గెడ్డకి పోవడమే నయమని పదమూడేళ్ళ పిల్లకి తోచిందంటే, అది అవగాహన లోపమా? 2021లో ‘స్వేచ్ఛ’ అని పేరుపెట్టి బడి పిల్లలకి ఉచితంగా న్యాప్‌కిన్లు ఇవ్వడం మొదలెట్టారు. మంచి పనే, కాదనను. మార్చుకునే చోటుకి ఇంకా పేరు దొరికినట్టు లేదు.

2025 అక్టోబరులో ఇదే మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు ప్రబలి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ కబురు విని కూతుర్ని ఇంటికి తెచ్చుకునే తల్లికి కూడా సదస్సు పెట్టాలేమో. నీళ్ళ ట్యాంకుకి పెట్టమని ఎవరూ అనరు.

నాదొక మనవి. వచ్చేసారి సదస్సు సంత దగ్గర వద్దు. వక్తలందరికీ ఆశ్రమ పాఠశాలలోనే వారం రోజులు బస ఏర్పాటు చెయ్యండి. బకెట్లు వాళ్ళే తెచ్చుకోవాలి. తలుపు పట్టుకోవడానికి ఒకర్ని తోడు కూడా తెచ్చుకోమనండి.