ఫోన్ ఆపు.. స్కాన్ చెయ్యి!

పెట్రోల్ బంకులో స్తంభానికి ఎర్రక్షరాల బోర్డు: ‘సెల్‌ఫోన్ వాడరాదు’. దానికి జానెడు కింద క్యూఆర్ కోడ్ స్టిక్కర్: ‘ఇక్కడ స్కాన్ చేయండి’. 2016లో యూపీఐ వచ్చాక ఈ రెండూ ఒకే స్తంభం మీద అన్యోన్యంగా కాపురం చేస్తున్నాయి. మొదటిది పాటిస్తే బిల్లు కట్టలేం, రెండోది పాటిస్తే బుద్ధిమంతులం కాలేం!

పెట్రోల్ ఆవిరి మైనస్ 40 డిగ్రీల చలిలోనూ అంటుకోగలదు. గాలికంటే బరువు కనుక పైకి పోదు, మన కాళ్ల దగ్గరే పాకుతుంటుంది. ఫోన్ కంటే ఒంటిమీది స్థిర విద్యుత్తుతోనే ముప్పెక్కువని నిపుణులు అంటున్నమాట నిజమే. అయినా రిఫైనరీల్లో ప్రమాదకర ప్రాంతాల్లోకి నిప్పురవ్వ పుట్టకుండా తయారుచేసిన ప్రత్యేక ఫోన్లనే రానిస్తారు. మన బంకులో సీన్ వేరు. పైపు ట్యాంకులోనే ఉంటుంది, ‘అన్నా, డబ్బులు పడ్డాయా?’ అంటూ ఒకాయన ఫోన్‌ను నాజిల్ మీదికే చాపుతాడు. వెనక బండి మీద ఇంకొకాయన చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించి ‘దారిలో ఉన్నా’ అని అరుస్తుంటాడు. ఇంజిన్ ఆపాడా? అబ్బే!

అయ్యా యజమానులూ, డబ్బు కట్టే బల్లను పంపులకు దూరంగా వేయించండి. అది కుదరదంటే బోర్డయినా మార్చండి: ‘ఫోన్ మాట్లాడరాదు, డబ్బు పంపవచ్చు. ఈ తేడా నిప్పుకు ముందే చెప్పి ఉంచాం.’