జ్వరానికీ ఓ మార్కు

అమెరికాలో బీఎన్‌ఎస్‌ఎఫ్ అని పెద్ద రైల్వే కంపెనీ. వారెన్ బఫెట్ గారి బెర్క్‌షైర్ హాథవే సొత్తు. సిబ్బంది తరచూ నాగా పెడుతున్నారని బెంగ పడి, 2022 ఫిబ్రవరిలో 'హై విజ్' అనే మార్కుల పద్దు తెరిచింది. రైలు నడిపే ప్రతి ఒక్కరి ఖాతాలో 30 పాయింట్లు. సెలవు పెడితే కోత. మామూలు రోజుకు తక్కువ, వారాంతానికి ఎక్కువ, రద్దీ రోజులకు మరీ ఎక్కువ. ఖాతా సున్నా అయితే సస్పెన్షన్.

కాబట్టి అక్కడ జ్వరానికి కూడా క్యాలెండర్ చూసి రావడం తెలియాల్సి వచ్చింది. మంగళవారం వస్తే మర్యాదస్తురాలు, శనివారం వస్తే క్రమశిక్షణ లేనిది!

పోయిన మార్కులు తిరిగి రావా? ఎందుకు రావు! 14 రోజులు ఏకబిగిన, పిలిస్తే పలికేలా ఫోన్ పక్కన కాపలా ఉంటే 4 పాయింట్లు దయచేసేవారు. అంటే, కొండను తవ్వి ఎలుకను పట్టాలి.

యూనియన్లు సమ్మె అన్నాయి. కోర్టు వద్దంది. అదే ఏడాది చివర్న, రైల్వే కార్మికులందరికీ జీతంతో ఏడు రోజుల సిక్ లీవు ఇద్దామన్న ప్రతిపాదన సెనేట్‌కు వెళ్లింది. అవునన్నవారు 52, కాదన్నవారు 43. గెలిచింది కాదన్నవారే! నెగ్గాలంటే 60 కావాలట.

జబ్బు చేసినవాడికి చట్టసభలోనూ పాయింట్లు చాలలేదు. ఇంతకీ, సభకు డుమ్మా కొట్టే సభ్యుల ఖాతాలో ఎన్ని కోస్తారో?