నో సే నదార్

మా అత్తగారి ఊరు మాదిపాడు, కృష్ణకి అవతలి గట్టు. జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల రేవుకి పోయి బల్లకట్టు ఎక్కితే అవతల దిగేది అక్కడే. మా ఆవిడ అట్లాగే పోతుంది. నేను మాత్రం నందిగామ, బెజవాడ, గుంటూరు, సత్తెనపల్లి, అచ్చంపేట తిరిగి పోతాను. గుంటూరులో ఏదో పనుందంటాను. అసలు సంగతి, నాకు నీళ్ళంటే హడలు. మెట్టలో మిరపచేల మధ్య పెరిగినవాణ్ణి. నీళ్ళంటే మాకు సాగర్ ఎడమ కాలువకి ఎప్పుడొదులుతారన్న కబురే. వేదాద్రిలో కూడా చెంబుడు నీళ్ళు నెత్తిన చల్లుకుని గట్టెక్కేస్తాను.

2023 జులైలో ఆ రోడ్డూ నన్ను మోసం చేసింది. మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికే వచ్చింది. నదికి మొహం చాటేసి తిరిగేవాణ్ణి నందిగామలోనే పట్టేసుకుంది.

ఇట్లా ఉండగా హ్యూస్టన్‌లో ఉన్న మావాడు మమ్మల్ని మెక్సికో తీసుకెళ్తానన్నాడు. ప్లాయా దెల్ కార్మెన్ రేవు నుంచి కోజుమెల్ దీవికి సముద్రం మీద ప్రయాణమట. భయమని చెప్పుకోలేక, "భాష రాకుండా పరాయి దేశంలో పడవెక్కకూడదురా" అన్నాను.

"అయితే నేర్చుకోండి," అంది మా ఆవిడ.

ఫోన్లో స్పానిష్ మొదలైంది. అందరూ నమస్కారంతో మొదలుపెడతారు. నేను పట్టుబట్టి నేర్చుకున్న మొదటి ముక్క "నో సే నదార్", నాకు ఈత రాదు. తర్వాత లైఫ్ జాకెట్, "చలేకో సల్వవీదాస్". ఆ తర్వాత "నౌఫ్రాహియో", అంటే పడవ మునక. పడవని ఏమంటారో ఇంకా తెలీదు, మునకకి మాత్రం మాట వచ్చేసింది. చివరికి పడవ దగ్గరికొస్తే అందులో ఆడా మగా! పెద్ద ఓడ "ఎల్ బార్కో", మగ. చిన్న పడవ "లా బార్కా", ఆడ. బెండకాయలు తరుగుతున్న మా ఆవిడకి గొప్పగా చెప్పాను.

"పెద్దదైతే మగా? ఆ పాఠం రాసినాయన ఎవరండీ, మీ నాన్నగారా?"

చర్చని చరిత్రలోకి మళ్ళించాను. 1492లో కొలంబస్ కరీబియన్ దీవులకి చేరాడనీ, అక్కడి తైనో జనం దోనెని పిలిచే "కనోవా" అన్న మాట స్పానిష్‌లోకి వచ్చిందనీ, అంతటి నావికుడికే కొత్త మాటలు అవసరమయ్యాయనీ వివరించాను.

"ఆయన పడవెక్కాక నేర్చుకున్నాడండీ. లేవండి, ముక్త్యాల పోదాం."

వాదనలో ఓడిపోయినవాడు రేవుకి రాక తప్పుతుందా? బల్లకట్టు మీద బైకులూ, మిర్చి టిక్కీలూ, ఒక ట్రాక్టరూ. నేను ట్రాక్టరు మడ్‌గార్డుని కావలించుకున్నాను. మా ఆవిడ అంచున నిలబడి ఎవరితోనో పత్తి రేటు మాట్లాడుతోంది. తెడ్డు "రేమో", చుక్కాని "తిమోన్", లంగరు "ఆంక్లా" అని గొణుక్కుంటూ సగం దూరం వచ్చాను. ఏటి నడిమధ్యన ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగింది. ఆ క్షణంలో తెలుగు నోటికి రాలేదు.

"సొకోర్రో! సొకోర్రో!"

కాపాడండి అని. ఇంజను మళ్ళీ అందుకుంది గానీ, బల్లకట్టు నడిపే పెద్దాయన కంగారుగా నీళ్ళలోకి తొంగిచూశాడు. "ఎవరమ్మా ఆ సుక్కారావు? ఎప్పుడు పడ్డాడు?"

"ఎవరూ పడలేదులే బాబాయ్," అంది మా ఆవిడ. "అది మా ఆయనకొచ్చిన స్పానిష్."