కుక్కగొడుగు గోడు

జగ్గయ్యపేట, నందిగామల మధ్య హైవే దిగి ఏ ఊరి పశువుల బీడులోకి వెళ్లినా, నాలుగు వానలు పడ్డాక నేను ఎదురుపడొచ్చు. జానెడు వెడల్పు తెల్లగొడుగు, నడినెత్తిన గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం. చూడ్డానికి బాగుంటాను. నా కర్మ అదే.

1818లో మేయర్ అనే జర్మన్ శాస్త్రవేత్త నన్ను పుస్తకానికెక్కించాడు. ఇప్పటి పేరు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. ఇక్కడెవరికి కావాలి? కుక్కగొడుగు చాలు.

మీకు కనిపించే గొడుగు నా కాయ. అసలు ఒళ్లు మట్టిలో సన్నటి పోగులుగా పరుచుకుని ఉంటుంది. గడ్డీ గాదం కుళ్లబెట్టి నేలలో కలిపే చాకిరీ నాది. కూలి అడగలేదు. మరి తిట్లెందుకు?

గొడవంతా ఆ పుట్టగొడుగు వల్ల. చెదపురుగులు పెంచి పోషించే రాచబిడ్డ అది. దానికి ఉంగరం ఉండదు, కాడ వేరులా పుట్టలోకి దిగి ఉంటుంది. ఉరిమిన తెల్లారి దానికోసం తట్టలు పట్టుకొస్తారు, దొరక్కపోతే నన్ను పీక్కుపోతారు. కూరలో వేసిన వెండి నాణెం నల్లబడలేదు, మంచిదే అంటారు. పురుగు తిన్నదిగా, మనకేమవుతుందంటారు. వెండికీ నా విషానికీ చుట్టరికం లేదు. పురుగు కడుపు మీ కడుపూ కాదు. లేతప్పుడు నా అడుగు రేకులూ తెల్లనే, ముదిరితేగాని పచ్చబడవు. తిన్న మూడు గంటల్లోపే వాంతులు, విరేచనాలు. చాలామంది తేరుకుంటారు, పసిపిల్లలకే గండం.

చలిదేశాల్లో జైరోమిట్రా అని నాకో దూరపు చుట్టం ఉంది. మెదడులా ముడతలు పడ్డ మొహం. రాకెట్లలో ఇంధనంగా వాడే మోనోమిథైల్ హైడ్రజిన్, దాన్ని తిన్నవాళ్ల ఒంట్లో పుడుతుంది. ప్రాణాలు తీసిన చరిత్ర దానిది. అయినా ఫిన్లాండ్‌లో హెచ్చరిక చీటీ పెట్టి మరీ అంగట్లో అమ్ముతారు. నీళ్లు మార్చి రెండుసార్లు ఉడికించి తింటారు. దానికి అంగడి, నాకు తన్నులు!

బడికెళ్లే పిల్లలు తన్నిపోతారు, గేదెలు తొక్కిపోతాయి. మొన్న ఒకడు నన్ను తట్టెడు పీకి ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్ల మామ్మ ఒకటి తిరగేసి చూసి, "నీ తెలివి తెల్లారినట్టే ఉంది, కుక్కగొడుగులు తెచ్చావేంరా" అంటూ పెంటకుప్ప మీద పోయించింది. తిట్టు వాడికి, విసురు నాకు. వాడు చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. నా మీద కోడి ఎక్కి గీకింది, ఎవరో పేడ కుమ్మరించారు.

కుమ్మరిస్తే కుమ్మరించారు. అప్పటికే నా రేకులు పచ్చబడ్డాయి. లక్షల బీజాలు. కింద పేడ, పైన జల్లు. వేసవిలో ఆ పెంట ఎవరి చేలోకి తోలతారో చూడాలి.