రెండు స్టిక్కర్ల ద్విపదకు టీకా తాత్పర్యం

మూలం

8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2666వీ-ఎస్ఏ2-11
8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-3200ఏఏ-ఎస్ఏ2-11

అవతారిక

ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ర్యామ్ స్టిక్కు మీద అంటించిన స్టిక్కరు మొదటి పాదం. పక్కనున్న ఖాళీ స్లాట్‌లో పెట్టడానికి కొత్తగా కొన్నదాని స్టిక్కరు రెండో పాదం. బ్రౌజరు నిండా ట్యాబులు, ఓ ఎక్సెల్ షీటు, ఓ వీడియో మీటింగు 8జీబీలో కలిసి కాపురం చెయ్యలేవని తేలి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కిన గృహస్థుడు ఇందులో నాయకుడు. ఆయన 2666 అడిగాడు. షాపతను 3200 చేతిలో పెట్టి, "ఏం కాదు సార్, నడుస్తది" అన్నాడు. ఇంటికొచ్చేసరికి బావమరిది కాచుకుని ఉన్నాడు: "రెండు స్పీడ్లు కలిపితే బోర్డు కాలిపోద్ది బావా." ఈ వ్యాఖ్య ఆ ఇద్దరి మధ్యా నలిగినవారి కోసం.

ఛందస్సు గురించి ఒక్క మాట. రెండు పాదాలూ ‘ఎనిమిది’తోనే ఎత్తుకున్నాయి కనుక నకార ప్రాస చెడలేదు. యతిని ప్రమాణకర్తలైన జెడెక్ వారు పట్టించుకోలేదు.

ప్రతిపదార్థము

8జీబీ = ఎనిమిది గిగాబైట్ల పరిమాణము గలదియు; 1ఆర్ = ఒకే ర్యాంకు గలదియు, అనగా కంట్రోలరు పిలిచినచో చిప్పులన్నియు ఒక్కుమ్మడి పలుకునదియు; ఎక్స్8 = ఒక్కొక్క చిప్పు ఎనిమిదేసి బిట్లు మోయునదియు (అట్టి చిప్పులు ఎనిమిది, వెరసి 64 బిట్లు); పీసీ4 = డీడీఆర్4 వంశమున బుట్టినదియు; 2666 = సెకనుకు 266 కోట్ల పైచిలుకు మార్లు డేటా చేరవేయునదియు; వీ = 19-19-19 అను టైమింగులు గలదియు; ఎస్ = ల్యాప్‌టాప్‌లో ఇముడు పొట్టికార్డైనదియు; ఏ2 = ఏ అను బోర్డు నమూనాకు రెండవ సవరణ యైనదియు; 11 = తన జాతకమును 1.1 పద్ధతిని వ్రాసికొన్నదియు నగు స్టిక్కు; (రెండవ పాదమున) 3200 = సెకనుకు 320 కోట్ల మార్లు చేరవేయునదియు; ఏఏ = 22-22-22 అను టైమింగులు గలదియు నగు మరియొక స్టిక్కుతో (తక్కిన విశేషణములు పూర్వమువలెనే). ‘కలిసి పనిచేయును’ అను క్రియ మూలమున లేదు. అధ్యాహారము చేసికొనవలయును.

తాత్పర్యము

వేగమున భేదించినను వంశమున నొక్కటియగు రెండు స్టిక్కులు ఒకే మెషీన్లో నిలిచినచో, వేగవంతమైనది తన వేగమును తగ్గించుకొని మందమైనదానితో అడుగు కలుపును. మందమైనది మాత్రము తన హద్దు దాటదు. కావున రెండును 2666 వద్దనే నడచును. ఏదియు కాలదు.

విశేషాలు

స్టిక్కరు మీద రాసింది లేఖకుడి నకలు మాత్రమే. తాళపత్రం వేరే ఉంది. ప్రతి స్టిక్కు మీదా ఓ మూల ఎస్‌పీడీ అనే చిన్న చిప్పు ఉంటుంది. డీడీఆర్4లో దాని నిడివి 512 బైట్లు. ఏ వేగం వరకు వెళ్లగలదో, ఏ పనికి ఎన్ని నానోసెకన్లు కావాలో అందులో రాసి ఉంటుంది. పవర్ బటన్ నొక్కగానే బయోస్ రెండు స్టిక్కుల ఎస్‌పీడీలూ చదివి, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ హద్దు కూడా చూసి, ముగ్గురికీ కుదిరే వేగం పెడుతుంది. రెండు ఛానళ్లకూ, అంటే స్టిక్కుకొకటిగా ఉన్న రెండు దారులకూ, క్లాకు ఒక్కటే కనుక ఒకటి 3200లో, ఇంకొకటి 2666లో నడిచే ప్రశ్నే లేదు. కాలిపోవడానికి ఇందులో ఆస్కారం ఎక్కడిది? రెండింటికీ కావలసింది 1.2 వోల్టులే. బావమరిది వాదం ఇక్కడితో కొట్టుబడింది.

పూర్వపక్షం: మొదటిదానికి 19, రెండోదానికి 22. టైమింగు అంకె ఎంత తక్కువైతే అంత మంచిదంటారు కదా, అలాంటప్పుడు డబ్బు పోసి కొన్న కొత్త స్టిక్కే నిదానమైనదా?

సమాధానం: 19, 22 అన్నవి క్లాకు టిక్కుల లెక్క, కాలం లెక్క కాదు. డీడీఆర్ అంటేనే టిక్కుకు రెండుసార్లు డేటా పంపేది. కనుక 2666కి అసలు క్లాకు 1333 మెగాహెర్ట్జ్, టిక్కుకు 0.75 నానోసెకను. 19 టిక్కులంటే 14.25 నానోసెకన్లు. 3200కి టిక్కు 0.625, ఇరవై రెండు టిక్కులకు 13.75. అంకెలో పెద్దదైనా కొత్తదే అర నానోసెకను ముందుంది. అదే స్టిక్కును 2666కి దింపితే బయోస్ దానికి కావలసిన 13.75ని 0.75తో భాగిస్తుంది, 18.33 వస్తుంది. టిక్కును ముక్కలు చెయ్యడం కుదరదు కనుక 19 అవుతుంది. అంటే తక్కువ వేగానికి దిగగానే రెండు స్టిక్కులూ ఒకే టైమింగు దగ్గర కలుసుకుంటాయి. టీకాకారుడికి ఈ పద్యంలో బాగా నచ్చిన చోటు ఇదే.

ర్యామ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ తెరిచి అందులో 1333 చూసి "సగం స్పీడే వస్తోంది" అని షాపుకు ఫోన్ చేసేవాళ్లుంటారు. అది టిక్కుల లెక్క, దాన్ని రెండింతలు చేసుకోవాలి. 2666 మెగాహెర్ట్జ్ అని అట్టపెట్టె మీద అచ్చు వేసే అలవాటు వల్ల వచ్చిన తంటా.

ఉపమాలంకారం: ఒకే కాడికి కట్టిన ఉరకలేసే ఎద్దు, నింపాది ఎద్దు అని వ్యాఖ్యాతలందరూ చెప్పే ఉపమానం సగమే చెల్లుతుంది. జత నింపాది ఎద్దు నడకతోనే సాగుతుంది, నిజమే. ఆ పోలిక తెచ్చేవాళ్లు ఎద్దులు రెండయ్యాయన్న సంగతి మరిచిపోతారు. 3200 స్టిక్కు ఒక్కటే ఉంటే ఒకే ఛానల్: సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ. రెండూ పెట్టి 2666కి దిగినా ఛానళ్లు రెండు: 42.7 జీబీ. వేగం తగ్గిందని ఏడ్చేవాడు ఈ రెండంకెలూ పక్కపక్కన రాసుకుని చూడాలి. ఎక్సెల్‌కు ఈ తేడా పెద్దగా తెలియదు, దానికి కావలసింది జాగా. విడి గ్రాఫిక్స్ కార్డు లేక ర్యామ్ మీదే ఆధారపడే మెషీన్లలో మాత్రం ఆట తెరిస్తే తేడా కంటికే కనిపిస్తుంది.

కొన్ని సందర్భాల్లో తగ్గేదీ ఏమీ ఉండదు. కోర్ ఐ5-9300హెచ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే దాని హద్దే 2666. అందులో రెండు 3200లు పెట్టినా ఆ వేగానికే వస్తాయి. రైజెన్ 5 5600హెచ్ అయితే 3200 వరకు వెళ్తుంది. పాత స్టిక్కు ఉంచితే ఆరో వంతు వేగం వదులుకోవాలి, పైగా రైజెన్‌లో లోపలి రాకపోకల క్లాకు కూడా సాధారణంగా ర్యామ్‌ను అనుసరిస్తుంది. ఆటలే వృత్తిగా ఉన్నవాళ్లు అక్కడ జత కొనుక్కోవచ్చు. మిగతావాళ్లకు అనవసరం.

పాఠాంతరం: కొన్ని 8జీబీ స్టిక్కుల మీద ‘1ఆర్ఎక్స్16’ అని ఉంటుంది. అందులో చిప్పులు నాలుగే, ఒక్కోటి పదహారు బిట్లు మోస్తుంది. అలాంటి చిప్పులో పని పంచుకునే గదుల్లాంటి బ్యాంకు గ్రూపులు సగమే కనుక పని కొంత నెమ్మదిస్తుంది. అంతా 3200 అంకె దగ్గరే ఆగిపోతారు గానీ, చూడవలసిన అక్షరాలు ఇవి. ఎక్స్8 దొరికితే అదే పుచ్చుకోవాలి.

ప్రక్షిప్తం: "ఒకే కంపెనీవి, ఒకే జత కావాలి" అనే వాక్యం ఈ మూలంలో లేదు. పాత పెంటియంల రోజుల్లో 72 పిన్నుల సిమ్ములు 32 బిట్లవి, ప్రాసెసర్ బస్సు 64 బిట్లది. జత లేనిదే ఆ 64 నిండేవి కావు. ఆ ఆచారాన్నే ఇప్పటికీ మడి కట్టుకుని పాటిస్తున్నారు. డెస్క్‌టాప్‌లలో ఎక్స్ఎంపీ ప్రొఫైల్‌తో, అంటే ప్రమాణం దాటిన వేగపు సెట్టింగుతో, పరిగెత్తించే స్టిక్కుల విషయంలో మాత్రం అందులో కొంత న్యాయముంది. వాటి 3200 తరచు 1.35 వోల్టుల మీద తెచ్చుకున్న వేగం. వేరే స్టిక్కు తోడైతే అది నిలవకపోవచ్చు, మెషీన్ బూటే కాకపోవచ్చు. అప్పుడు ఎక్స్ఎంపీ ఆపేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

నిజమైన నిషేధం వంశసంకరం. డీడీఆర్3 ల్యాప్‌టాప్ స్టిక్కుకు 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. గాటు చోటు కూడా వేరు. పట్టకపోతే బొటనవేలితో నొక్కకండి.

జీబీలు సమానం కాకపోయినా, అంటే 8కి 4 తోడైనా, చాలా మెషీన్లు 4కి 4 జత కట్టి రెండు ఛానళ్లలో నడిపి, మిగిలిన నాలుగును ఒంటరిగా వాడుకుంటాయి.

ప్రయోగవిధి

బ్యాటరీ కనెక్టరు ఊడదీశాకే స్లాటు ముట్టుకోండి. స్టిక్కును ఏటవాలుగా దూర్చి కిందికి వంచితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమంటాయి. టాస్క్ మేనేజర్లో మెమరీ తెరిచి, స్లాట్లు రెండింటికి రెండు అని చూపిందో లేదో చూసుకుని, రాత్రికి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకోండి. పొద్దున ఒక్క ఎర్రర్ కనిపించినా స్టిక్కు వెనక్కివ్వండి.

ఇక షాపులో అడగవలసింది: డీడీఆర్4, ల్యాప్‌టాప్ సైజు, 8జీబీ, ఎక్స్8. స్పీడు 2666కి తగ్గనిది ఏది స్టాకులో ఉంటే అది తీసుకోండి. పాత స్టిక్కు అమ్మొద్దు.